మంచు పడకముందే మొదలయ్యే స్కీ సీజన్: మీకు తెలుసా?

స్కీయింగ్ అనగానే చాలామందికి ఎత్తయిన మంచుకొండ మీంచి రయ్యిమని కిందికి జారే మనిషి కళ్ల ముందు మెదులుతాడు. క్రాస్‌కంట్రీ స్కీయింగ్ వేరు. ఇందులో మనిషిని పైకి మోసుకుపోయే రోప్‌వే ఉండదు. అడవుల్లోంచి, పొలాల మీదుగా, గడ్డకట్టిన సరస్సుల పక్కనుంచి, సన్నటి పొడవాటి స్కీలు కాళ్లకు తగిలించుకుని, చేతికొక కర్రతో నేలను వెనక్కి నెడుతూ, ఎక్కుడు వచ్చినా దిగుడు వచ్చినా సొంత ఒంటి బలంతోనే సాగాలి. బూటు మునివేళ్ల దగ్గర మాత్రమే స్కీకి బిగిసి ఉంటుంది. మడమ ప్రతి అడుగుకూ పైకి లేస్తుంది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో బడిపిల్లల నుంచి తాతయ్యల వరకు ఆడే ఆట ఇది. అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లోనూ, కెనడాలోనూ దీనికి గట్టి పునాది ఉంది.

ఆ పునాదిని నిలబెడుతున్నవి ఊరూరా ఉండే స్కీ క్లబ్బులు. పతకాలు గెలిచినవాళ్ల గురించి అందరూ రాస్తారు. మంచు పడటానికి రెండు మూడు నెలల ముందు క్లబ్బుల్లో జరిగే పని గురించి రాసేవాళ్లు తక్కువ. ఈ ఆటలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఆ పనే.

చలికాలపు ఆటకు తొలి పనిముట్టు రంపం

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వారాంతం వచ్చిందంటే క్లబ్బు సభ్యులు రంపాలు, కత్తెరలు, పారలు పట్టుకుని అడవిదారి మీద చేరతారు. వేసవి గాలివానలకు అడ్డంగా పడిన చెట్లను కోసి పక్కకు లాగుతారు. దారి మీదికి వాలిన కొమ్మలు నరుకుతారు. వాననీరు పోయే తూముల్లో పూడిక తీస్తారు, చిన్న చిన్న చెక్క వంతెనలకు పుచ్చిన పలకలు మారుస్తారు, మలుపుల దగ్గర దారి చూపే బోర్డులు సరిచేస్తారు. గడ్డిని మొదలంటా కోస్తారు. ఇదంతా అందం కోసం కాదు. నేల నున్నగా ఉంటే పలచని మంచుతోనే దారి సిద్ధమవుతుంది. రాళ్లూ మొద్దులూ ఉంటే వాటిని కప్పడానికే బోలెడంత మంచు కావాలి. అక్టోబరులో తీసేసిన ఒక్కో రాయీ డిసెంబరులో ఆటకు ముందుగా అందే ఒక్కో రోజు.

ఎండుటాకుల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చాలా క్లబ్బులు దారి పొడవునా ఆకులను యంత్రంతో ఊది పక్కకు తోసేస్తాయి. తెల్లటి మంచు ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది. ముదురు రంగు ఆకు ఆ ఎండను పీల్చుకుని వేడెక్కి, తన చుట్టూ ఉన్న మంచును కరిగిస్తుంది. తొలి మంచు పలచగా ఉన్న రోజుల్లో ఆకు ఉన్న చోటల్లా ఒక గుంట పడుతుంది. అందుకే కిలోమీటర్ల కొద్దీ అడవిని ఊడ్చే ఈ ఓపిక.

నార్వేలో ఇలా ఊరంతా కలిసి చేసే పనిని దుగ్నాడ్ అంటారు. మన శ్రమదానం అన్నమాట. క్లబ్బులో పిల్లలున్న తల్లిదండ్రులు దానికి రావడం అక్కడ మామూలు మర్యాద. పని అయ్యాక కాఫీ, వాఫుల్స్ ఉంటాయి. కూలి ఉండదు.

తొలి మంచును తొక్కేస్తారు

మొదటి మంచు పడగానే దాన్ని భద్రంగా వదిలేస్తారని అనుకుంటాం. క్లబ్బులు చేసేది దానికి పూర్తిగా తలకిందులు. మంచు వాహనానికి బరువైన రోలరు కట్టి దాన్ని అణగదొక్కుతాయి. వదులుగా ఉన్న మంచులో గాలి ఎక్కువ. అది నేలకు దుప్పటిలా పనిచేసి, కింది భూమిని గడ్డకట్టకుండా కాపాడుతుంది. చిత్తడి నేలలున్న చోట ఇది పెద్ద ఇబ్బంది. పైన తెల్లగా కనిపిస్తుంది గానీ కింద బురద. మంచును అణిచితే గాలి పోయి, చలి నేలలోకి దిగి, భూమి గట్టిపడుతుంది. ఆ తర్వాత పడే మంచు నిలుస్తుంది.

నిరుటి మంచు మీద ఈ ఏటి తొలి అడుగు

ఇది చదివినప్పుడు మొదట నమ్మబుద్ధి కాదు. కెనడాలో ఆల్బర్టా రాష్ట్రంలోని కాన్‌మోర్ నార్డిక్ సెంటర్ 1988 కాల్గరీ ఒలింపిక్స్ కోసం కట్టినది. అక్కడ చలికాలంలో యంత్రాలతో తయారుచేసిన మంచును గుట్టగా పోసి, రంపపు పొట్టుతో కప్పి, వేసవి అంతా అలాగే ఉంచుతారు. అక్టోబరు మధ్యలో పొట్టు తొలగించి, ఆ పాత మంచును లారీలతో దారి మీద పరుస్తారు. చుట్టుపక్కల చెట్ల మీద ఆకులింకా పసుపుపచ్చగా ఉండగానే రెండు కిలోమీటర్ల దారి మీద స్కీయింగ్ మొదలవుతుంది. 2009 నుంచి ఇలా చేస్తున్నారు. స్విట్జర్లాండ్‌లోని దావోస్, స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్, ఫిన్లాండ్‌లోని వువోకట్టి ఊళ్లలోనూ ఇదే పద్ధతి.

దీనిలోని కిటుకు మన పెద్దవాళ్లకు బాగా తెలిసినదే. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఐసు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన దిమ్మలను రంపపు పొట్టులోనో ఊకలోనో పూడ్చి, పైన గోనెసంచులు కప్పి, మండువేసవిలో పెళ్లిళ్లకు మజ్జిగ, షర్బత్ చల్లబరిచేవాళ్లు. పొట్టు బయటి వేడిని లోపలికి రానివ్వదు. పైపొరలోని తడి ఆవిరవుతూ కింది మంచును ఇంకాస్త చల్లబరుస్తుంది.

కొండల మీద, ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న చోట్ల ఇది సాధ్యమే. వెచ్చగా, తేమగా ఉండే పల్లపు ప్రాంతంలోనో? అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు క్రాఫ్ట్స్‌బరీ కేంద్రం సముద్రమట్టానికి దాదాపు 360 మీటర్ల ఎత్తులోనే ఉంది. వెర్మాంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో అక్కడ సుమారు 9,300 ఘనపు మీటర్ల మంచును చెక్క పేళ్లతో, వాటి మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి గుడ్డతో కప్పి చూశారు. వేసవి దాటాక కొలిస్తే దాదాపు 60 శాతం మిగిలింది. ఇంత వెచ్చని చోట, ఇంత మామూలు సరుకుతో ఇది వీలైందంటే చిన్న క్లబ్బులకు అది పెద్ద ధైర్యం.

వువోకట్టి ఇంకో అడుగు ముందుకేసింది. 1997లోనే అక్కడ కొండ కింద 1.2 కిలోమీటర్ల స్కీ సొరంగం తెరిచారు. బయట జులై ఎండ కాస్తున్నా లోపల సున్నాకు దిగువనే. ప్రపంచంలో ఇలాంటిది ఇదే మొదటిది.

ప్రపంచపు తొలి స్కీ క్లబ్బు ఏ దేశానిది?

నార్వే అని చెప్పేస్తే సగమే సరి. నార్వేలోని త్రిసిల్ ఊరి క్లబ్బు 1861లో పుట్టింది. తుపాకి గురి, స్కీయింగ్ రెండూ కలిపిన సంఘం అది. అదే 1861లో ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ కొండల్లోని కియాండ్రా అనే బంగారు గనుల ఊళ్లోనూ ఒక స్కీ క్లబ్బు పుట్టింది. బంగారం వెతుక్కుంటూ వచ్చిన నార్వే గనికార్మికులు మంచు పడి పని ఆగిపోయినప్పుడు కంచె పలకలను చెక్కి స్కీలు చేసుకున్నారు. వాళ్లను చూసి మిగతావాళ్లూ నేర్చారు. మేమే మొదట అని రెండు ఊళ్లూ చెప్పుకుంటాయి. త్రిసిల్ నేడు నార్వేలో పేరున్న స్కీ కేంద్రం. కియాండ్రాలో బంగారం అయిపోయింది, జనం వెళ్లిపోయారు. ఇప్పుడు అది పాడుబడిన ఊరు.

ఆస్ట్రేలియాలో మంచుకాలం జూన్‌లో మొదలవుతుంది కాబట్టి అక్కడి క్లబ్బుల సన్నాహాలు మనకు ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో జరుగుతాయి.

111 ఏళ్లు బతికిన దారి వేసినవాడు

కెనడాలో చిన్నపిల్లలకు స్కీయింగ్ నేర్పే క్లబ్బు తరగతుల పేరు ‘జాక్‌రాబిట్’. అది హెర్మన్ స్మిత్-యోహాన్సెన్ అనే మనిషి ముద్దుపేరు. 1875లో నార్వేలో పుట్టిన ఈ ఇంజనీరు కెనడాలో స్థిరపడి, క్యూబెక్ రాష్ట్రంలోని లారెన్షియన్ కొండల్లో ఊరికీ ఊరికీ మధ్య అడవి నరికి స్కీ దారులు వేశాడు. వాటిలో పేరుపడ్డది 1930లలో వేసిన మేపుల్ లీఫ్ ట్రెయిల్. నూరేళ్లు దాటాక కూడా స్కీల మీద కనిపించేవాడు. 1987లో, 111 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. క్లబ్బుల్లో గొడ్డలి పట్టి దారి చేసే ప్రతి మనిషికీ ఆయన పూర్వీకుడే అంటాను.

ఒకే స్కీ కింద రెండు రకాల మైనం

అక్టోబరు సాయంత్రాల్లో క్లబ్బు గదిలో ఇస్త్రీ పెట్టెలు వేడెక్కుతుంటాయి. ఇస్త్రీ బట్టలకు కాదు, స్కీలకు. సీజన్ ముగిసేటప్పుడు స్కీ అడుగున మైనం కరిగించి పూసి, గీకకుండా అలాగే వదిలేస్తారు. వేసవిలో గాలి తగిలి అడుగు ఎండిపోకుండా అది కాపాడుతుంది. చలికాలం దగ్గరపడగానే ఆ పొరను గీకి, కొత్త మైనం ఎక్కిస్తారు. ఆ పని నేర్పడానికి పెద్దవాళ్లు పిల్లలను పక్కన నిలబెట్టుకుంటారు.

సంప్రదాయ పద్ధతి స్కీలో అసలు చిక్కు ఇక్కడ ఉంది. అది ముందుకు జారాలి. కాలితో వెనక్కి తన్నినప్పుడు మాత్రం జారకుండా పట్టు ఇవ్వాలి. రెండు పనులూ ఒకే పలక చేయాలి. అందుకే స్కీని విల్లులా వంచి తయారుచేస్తారు. బరువు రెండు కాళ్ల మీదా సమంగా ఉన్నప్పుడు స్కీ మధ్యభాగం మంచుకు తగలదు, కొనలే జారుతాయి. ఒక కాలి మీద బరువంతా వేసి తన్నినప్పుడు మధ్యభాగం కిందికి అణుగుతుంది. అక్కడ పూసిన మెత్తటి పట్టు మైనంలోకి మంచు పలుకులు గుచ్చుకుని క్షణం పాటు పట్టేస్తాయి. కాలు లేపగానే వదిలేస్తాయి. కొనలకు జారుడు మైనం, నడుమ పట్టు మైనం.

మరి ఆ విల్లు మన బరువుకు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? దానికి క్లబ్బుల్లో అందరికీ తెలిసిన పరీక్ష ఒకటుంది. నున్నటి నేల మీద స్కీల మీద నిలబడి, పాదం కింద ఒక కాగితం దూర్చాలి. రెండు కాళ్ల మీదా నిలబడితే కాగితం సులువుగా కదలాలి. ఒంటికాలి మీద నిలబడితే కదలకుండా చిక్కుకోవాలి. ఖరీదైన యంత్రాలు వచ్చాయి గానీ, ఒక్క కాగితంతో తేలిపోయే ఈ పరీక్షకు విలువ తగ్గలేదు.

పట్టు మైనానికి రంగులు పెట్టిన కథ కూడా చెప్పుకోవాలి. పూర్వం ఎవరి మైనం వాళ్లే రహస్యంగా వండుకునేవాళ్లు. తారు, చెట్ల జిగురు, పాత సైకిల్ ట్యూబులు కూడా కుండలో పడేవి. మార్టిన్ మాట్స్‌బో అనే స్వీడన్ స్కీ వీరుడు ఆస్ట్రా అనే మందుల కంపెనీతో కలిసి దాన్ని ప్రయోగశాలలోకి తీసుకెళ్లాడు. 1946లో స్విక్స్ పేరుతో ఆ మైనం బజారుకొచ్చింది. గట్టి చలికి ఆకుపచ్చ, మామూలు చలికి నీలం, సున్నా దగ్గర ఎరుపు. ఉష్ణమాపకం చూసుకుని రంగు ఎంచుకుంటే చాలు. ఈ తేలిక వల్లే మామూలు జనానికి ఆట దగ్గరైందని నా నమ్మకం.

ఇప్పుడు చాలామంది ఆ మైనం కూడా పూయకుండా, పాదం కింద మొహేర్ పట్టీ అంటించిన స్కీలు వాడుతున్నారు. మొహేర్ అంటే అంగోరా మేక బొచ్చు. ఒకవైపు నిమిరితే నునుపు, రెండోవైపు గరుకు.

జారుడు మైనంలోని విషం

కొన్ని దశాబ్దాలు పోటీల్లో గెలుపును తేల్చింది ఫ్లోరిన్ కలిపిన మైనం. నీటిని, మురికిని దగ్గరికి రానివ్వదు కాబట్టి తడి మంచు మీద దానికి సాటి లేదు. కానీ ఆ రసాయనాలు ప్రకృతిలో విరిగి కలిసిపోవు. రోజంతా ఆ పొగ పీల్చే మైనం పనివాళ్ల రక్తంలో అవి మామూలు జనం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నాయని పరిశోధనల్లో తేలింది. నార్వేలో ట్రోండ్‌హైమ్ దగ్గర గ్రానోసెన్ స్కీ ప్రాంతపు మట్టిలో, వానపాముల్లో, చిట్టెలుకల్లో కూడా దొరికాయి.

అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2019లో నిషేధం ప్రకటించింది. నమ్మకంగా పరీక్షించే యంత్రం సిద్ధం చేయడానికి సమయం పట్టి, 2023-24 సీజన్ నుంచి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. పిల్లల పోటీల కోసం కూడా తల్లిదండ్రులు చిన్న డబ్బా పొడికి బోలెడంత డబ్బు పోసిన రోజులు పోయాయి. ఆలస్యంగానైనా మంచి పని జరిగింది. పాత మైనం అంటిన బ్రష్షులు, ఇస్త్రీ పెట్టెలు వాడినా పరీక్షలో బయటపడే ప్రమాదం ఉంది కాబట్టి, చాలా క్లబ్బులు వాటిని పక్కనపెట్టి కొత్తవి కొనుక్కున్నాయి.

తారు రోడ్డు మీద స్కీయింగ్

వేసవిలో నార్వే పల్లె రోడ్ల మీద స్కీ కర్రలు పట్టుకుని, చక్రాల మీద దూసుకుపోయే జనం కనిపిస్తారు. అవి రోలర్ స్కీలు. పొట్టి పలకకు ముందొక చక్రం, వెనకొక చక్రం. సంప్రదాయ పద్ధతి వాటిలో చక్రం వెనక్కి తిరగకుండా అడ్డు ఉంటుంది, తన్నినప్పుడు పట్టు దొరకడానికి. హెల్మెట్ తప్పదు, చాలావాటికి బ్రేకు ఉండదు మరి.

శరదృతువులో క్లబ్బు పిల్లలు చేసే ఇంకో కసరత్తు, కర్రలు ఊనుతూ నిట్టనిలువు చిత్తడి కొండ మీదికి గెంతుతూ ఎక్కడం. నార్వేవాళ్లు దాన్ని దుప్పి పరుగు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. కాళ్లూ చేతులూ వీపూ ఒకేసారి పనిచేసే ఈ ఆటకు గుండె, ఊపిరితిత్తుల బలం అపారంగా కావాలి. ఒలింపిక్స్‌లో 8 స్వర్ణాలు గెలిచిన బ్యోర్న్ డాలీ శరీరం కిలో బరువుకు నిమిషానికి 96 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకునేదని చెబుతారు. మామూలు ఆరోగ్యవంతుడైన యువకుడికి అది 40-45 దగ్గర ఉంటుంది.

మన నగరాల పార్కుల్లో కూడా అక్కడక్కడా రెండు కర్రలతో నడిచేవాళ్లు కనిపిస్తున్నారు కదా! నార్డిక్ వాకింగ్ అనే ఆ వ్యాయామం ఫిన్లాండ్ స్కీ వీరులు మంచు లేని నెలల్లో చేసే సాధన నుంచి వచ్చిందే.

పదకొండేళ్ల దాకా ర్యాంకుల్లేవు

ఈ భాగాన్ని మన తల్లిదండ్రులు కాస్త నిదానంగా చదవాలని నా కోరిక. నార్వే క్రీడా సమాఖ్య 1987లో పిల్లల క్రీడలకు నియమాలు చేసి, 2007లో వాటిని సవరించి పిల్లల హక్కుల పత్రంగా ప్రకటించింది. వాటి ప్రకారం పిల్లలకు 11 ఏళ్లు వచ్చే వరకు పోటీలో ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారనే పట్టిక ప్రకటించకూడదు. 12 ఏళ్ల వరకు పిల్లలకు బహుమతి ఇస్తే అందరికీ ఇవ్వాలి. 13 ఏళ్లు వచ్చే దాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లకు పంపకూడదు.

క్లబ్బు కొత్త సీజన్‌కు పిల్లల పేర్లు నమోదు చేసుకునేటప్పుడు ఈ నియమాలన్నీ అమల్లో ఉంటాయి. తొలి పాఠాల్లో కర్రలు కూడా ఇవ్వరు. చేతులు ఖాళీగా ఉంటే ఒళ్లు తూకం నేర్చుకుంటుంది. స్కీల మీద అంటుకునే ఆట, బంతాట ఆడిస్తారు, అంతే. ఇంత మెత్తగా పెంచిన దేశం వెనకబడిందా? దాదాపు 55 లక్షల జనాభా ఉన్న నార్వే 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో, మొత్తం 37 పతకాలతో అన్ని దేశాలకంటే ముందు నిలిచింది. ఆ దేశపు మరిట్ బ్యోర్గెన్ ఒక్కతే తన జీవితంలో 15 ఒలింపిక్ పతకాలు గెలిచింది.

పిల్లల పాదాలు ఏటా పెరుగుతాయి కాబట్టి, క్లబ్బులు శరదృతువులో వాడిన స్కీలు, బూట్ల సంత పెడతాయి. ఒక ఇంటి పిల్లాడికి చిన్నవైనవి ఇంకో ఇంటి పిల్లకు వెళ్తాయి. వచ్చిన డబ్బులో కొంత క్లబ్బుకు.

రాత్రిపూట దున్నే దారి

స్కీ దారిని చదును చేసే పెద్ద యంత్రం సాధారణంగా రాత్రి, లేదా తెల్లవారుజామున తిరుగుతుంది. కారణం జనం ఉండరనే కాదు. యంత్రం మంచును తిరగదున్ని, పలుకులను చిన్నవిగా విరగ్గొట్టి, నొక్కుతుంది. ఆ పలుకులు ఒకదానికొకటి తగిలిన చోట, సున్నాకు దిగువన కూడా, నెమ్మదిగా అతుక్కుంటాయి. ఆ అతుకు గట్టిపడటానికి కొన్ని గంటల చల్లటి ప్రశాంతత కావాలి. యంత్రం వెళ్లిన వెంటనే ఎవరైనా దాని మీద నడిస్తే ఆ కష్టమంతా పోయినట్టే. క్లబ్బుల బోర్డుల మీద ‘ఇక్కడ నడవకండి’ అని రాసి ఉండేది అందుకే.

దారి పక్కన రెండు సమాంతర గాళ్లు సంప్రదాయ పద్ధతికి, మధ్యలో వెడల్పాటి చదును, కాళ్లను వాలుగా పక్కలకు తోస్తూ సాగే ‘స్కేటింగ్’ పద్ధతికి. ఈ రెండో పద్ధతి పెద్ద పోటీల్లో స్థిరపడటంలో అమెరికాకు చెందిన బిల్ కోక్ పాత్ర పెద్దది. 1982లో అతను ప్రపంచ కప్ గెలిచాక అందరూ అటు తిరిగారు. రెండు పద్ధతులకూ వేర్వేరు పోటీలు పెట్టాల్సి వచ్చింది, క్లబ్బులు అడవిలో తమ దారులు వెడల్పు చేసుకోవాల్సీ వచ్చింది.

వీపున మూడున్నర కిలోలు

క్లబ్బు సభ్యులు శరదృతువులోనే ఏ పెద్ద పందేనికి పేరివ్వాలో తేల్చుకుంటారు. నార్వేలోని బిర్కెబైనర్ పందెంలో రేనా నుంచి లిల్లెహమ్మర్ దాకా 54 కిలోమీటర్లు పోవాలి, అదీ వీపున కనీసం 3.5 కిలోల సంచీతో. 1206లో అంతర్యుద్ధం నడుస్తుండగా ఇద్దరు స్కీ వీరులు పసివాడైన రాకుమారుడు హాకోన్‌ను కొండలు దాటించి కాపాడారు. ఆ సంచీ బరువు ఆ పసివాడికి గుర్తు. ఆ బిడ్డే తర్వాత నార్వే రాజయ్యాడు. పందెం 1932లో మొదలైంది.

స్వీడన్‌లోని వాసలోపెట్ ఇంకా పాతది, 1922 నాటిది. సేలెన్ నుంచి మోరా వరకు 90 కిలోమీటర్లు. దారిలో వేడి బ్లూబెర్రీ సూప్ పోస్తారు. 1923లో మార్గిట్ నోర్డిన్ అనే మహిళ ఈ దూరం పూర్తి చేసింది. మరుసటి ఏడాదే ఆడవాళ్లను నిషేధించారు. ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నది 1981లో. ఓస్లోలో హోల్మెన్‌కోలెన్ పోటీల్లో ఆడవాళ్లు 50 కిలోమీటర్ల ప్రపంచ కప్ పందెంలో పరుగెత్తడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. ఒక కాగితం ముక్క మీద నియమం మార్చడానికి ఇన్నేళ్లు పట్టడం అన్యాయమే.

మంచు రాని ఏడాది

ఇన్ని చేసినా ఆకాశం కరుణించకపోతే? విస్కాన్సిన్‌లో 1973 నుంచి జరుగుతున్న అమెరికన్ బిర్కెబైనర్ 2017లో వెచ్చని వాతావరణం వల్ల రద్దయింది. 2024లో అడవిదారి నేల బయటపడి ఉంటే, నిర్వాహకులు యంత్రాలతో మంచు చేసి 10 కిలోమీటర్ల చుట్టు దారి పరిచారు. వేలమంది అదే చుట్టులో తిరిగి పందెం ముగించారు. వాసలోపెట్ తన చరిత్రలో 1932, 1934, 1990లలో మంచు లేక ఆగింది.

2024 ఫిబ్రవరిలోనే మిన్నియాపొలిస్‌లోని థియోడర్ వర్త్ పార్కులో ప్రపంచ కప్ పోటీ జరగాలి. అమెరికా గడ్డ మీద 2001 తర్వాత అదే మొదటిది. పక్క ఊరు ఆఫ్టన్‌లో పెరిగిన జెస్సీ డిగిన్స్ ఎన్నాళ్లుగానో అడిగి తెప్పించుకున్న పోటీ. 2018లో కికన్ రాండల్‌తో కలిసి అమెరికాకు ఈ ఆటలో తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చినది ఆమే. తీరా చూస్తే ఆ ఏడు మిన్నెసోటా చరిత్రలోనే అతి వెచ్చని చలికాలాల్లో ఒకటి. పార్కు చుట్టూ గోధుమరంగు గడ్డి. క్లబ్బు వాళ్లు ముందే చేసి దాచిన మంచుతో దారి నిలబెట్టారు. చివరి వారంలో ఆకాశం కూడా కొంత రాల్చింది. పోటీ జరిగింది, జనం పోటెత్తారు, 10 కిలోమీటర్ల పందెం అమెరికా కుర్రాడు గస్ షూమాకర్ గెలిచాడు. మంచు యంత్రాలూ, పొట్టు కింద గుట్టలూ ఇప్పుడు సోకు కాదు. వాతావరణం వేడెక్కేకొద్దీ అవి లేని క్లబ్బుకు సీజనే అనుమానం.

మన దేశం నుంచి

2014 సోచిలో నదీమ్ ఇక్బాల్, 2018 ప్యోంగ్‌చాంగ్‌లో జగదీశ్ సింగ్ ఒలింపిక్ క్రాస్‌కంట్రీ పందెంలో భారత్ తరఫున పాల్గొన్నారు. ఇద్దరూ సైనికులే. 2009 డిసెంబరులో రీనా కౌశల్ ధర్మశక్తు అంటార్కిటికాలో దాదాపు 900 కిలోమీటర్లు స్కీల మీద సాగి దక్షిణ ధ్రువం చేరింది. భారతీయ మహిళల్లో ఆమే మొదటిది. మంచు ఎరగని కర్ణాటక కొడగు నుంచి వచ్చిన భవానీ తెక్కడ నంజుండ ఈ ఆటలో దేశానికి ఆడుతోంది. గుల్‌మార్గ్‌లో ఖేలో ఇండియా చలికాల క్రీడలు 2020లో మొదలయ్యాయి, వాటిలో క్రాస్‌కంట్రీ కూడా ఉంది.

మిన్నియాపొలిస్, టొరంటో, స్టాక్‌హోమ్, ఓస్లోల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. చలికాలమంతా కిటికీ అద్దం వెనక కూర్చోకండి. మీ ఊళ్లో స్కీ క్లబ్బు ఎక్కడుందో సెప్టెంబరులోనే వాకబు చేయండి. పిల్లలకు కొత్త స్కీలు కొనకండి, ముందు అద్దెకో, క్లబ్బు సంతలోనో తీసుకోండి. మిన్నెసోటాలో 16 ఏళ్లు నిండినవాళ్లకు స్కీ పాస్ కావాలి, ఆ డబ్బు దారులు చూసుకునే క్లబ్బులకు సాయంగా వెళ్తుంది. అన్నిటికంటే ముందు, స్కీయింగ్ వచ్చినా రాకపోయినా, అక్టోబరులో దారి శుభ్రం చేసే రోజున చేతికి గ్లవ్స్ తొడుక్కుని వెళ్లండి. ఆకులు ఊడుస్తానంటే ఎవరూ కాదనరు.